తెర మనది, పొర పరులది

నేడు మన దేశమున చేతిఫోను లేని యిల్లు అరుదు. పల్లెలో రైతు పంటధర తెలిసికొనుటకును, పట్టణమున వర్తకుడు సొమ్ము చెల్లించుటకును, విద్యార్థి పాఠము చదువుకొనుటకును గాజుతెరపై వ్రేలు నుంచుచున్నారు. గాజు విద్యుత్తును మోయదు. అయినను ఆ వ్రేలి స్పర్శ లోపలి యంత్రమునకు తెలియుచున్నది. ఏలయనగా ఆ గాజుమీద కంటి కగపడని పొర యొకటి కలదు. అది గాజువలె కాంతిని పోనిచ్చును. లోహమువలె విద్యుత్తును మోయును. ఈ పొరయే లేనిచో చేతిఫోను తెర లేదు, గోడకు వ్రేలాడు టెలివిజను లేదు, సౌరఫలకములలో కొన్ని జాతులును లేవు. ఇంతటి కీలకమైన వస్తువును గూర్చి మనలో చర్చయే లేదు. ఏటేట నెన్ని ఫోనులు మన గడ్డపై కూర్చబడినవో లెక్కించి సంతోషించువారు పెక్కురు కలరు గాని, ఆ ఫోను తెరమీది పొర యెవరిదని యడుగువారు కానరారు. ఆ ప్రశ్న నడుగుటయే ఈ వ్యాసముయొక్క ప్రయోజనము.

రెండు గుణములు, ఒక పొర

లోకమున విద్యుత్తును చక్కగ మోయు వస్తువులు సామాన్యముగ చూపున కడ్డు తగులును. రాగి, వెండి, అల్యూమినియము ఇట్టివి. చూపున కడ్డు తగులని గాజు, అబ్రకము, స్ఫటికము మొదలగునవి విద్యుత్తును మోయవు. ఇది యాదృచ్ఛికము గాదు. లోహమునందు కట్టుబాటు లేని ఎలక్ట్రానులు అసంఖ్యాకముగ సంచరించుచుండును. విద్యుత్తును మోయునవి అవియే. మీద బడిన కాంతిని వెనుకకు త్రిప్పికొట్టునవియు అవియే. అందుచేతనే లోహము తళతళలాడును. అందుచేతనే దానిగుండ నేమియు గనబడదు. గాజునందో, ఎలక్ట్రానులు తమ తమ పరమాణువులకు గట్టిగ బంధింపబడి యుండును. కాంతి వానిని కదలింపజాలక తన దారిని తాను పోవును. విద్యుత్తును మోయుటకు మాత్రము స్వేచ్ఛగల ఎలక్ట్రానులు అందుండవు.

ఈ రెంటికి నడుమ ఒక సన్నని త్రోవ కలదు. ఇండియము, తగరము, జింకు అను లోహముల ఆక్సైడులు శుద్ధస్థితిలో గాజువలె స్వచ్ఛమైనవి. వానిలోని బంధిత ఎలక్ట్రానును విడిపించుటకు 3 ఎలక్ట్రాన్ వోల్టులకు మించిన శక్తి కావలెను. కంటికి కనబడు కాంతికణముల శక్తి యెఱుపుకొసను సుమారు 1.7, ఊదాకొసను సుమారు 3.1 ఎలక్ట్రాన్ వోల్టులు. కావున వెలుతురు వానిని దాదాపు బాధింపకయే దాటిపోవును. ఇండియమ్ ఆక్సైడు తొంబది పాళ్లకు తగరపు ఆక్సైడు పదిపాళ్లు చేర్చినచో, తగరపు పరమాణువు ఇండియమ్ పరమాణువు స్థానమున కూర్చుండి, తనకడ అధికముగ నున్న ఒక ఎలక్ట్రానును ఉమ్మడి సొత్తుగ ధారపోయును. ఇట్లు స్వేచ్ఛ పొందిన ఎలక్ట్రానులు రాగిలోని వానిలో నూరవవంతు మాత్రమే యుండును. విద్యుత్తు సాగుటకు అవి చాలును. వెలుతురును త్రిప్పికొట్టుటకు చాలవు. ఉష్ణకిరణములను మాత్రము త్రిప్పికొట్టును. ఎలక్ట్రానులు తగ్గెనా విద్యుత్తు సాగదు. హెచ్చెనా చూపు సాగదు. ఈ మితమును తప్పక నిలుపుటయే ఈ విద్యయొక్క రహస్యము.

తగరపు ఆక్సైడు, జింకు ఆక్సైడు మన వైద్యులకు క్రొత్తవి గావు. వంగభస్మము, యశదభస్మము అనువానిలో ప్రధానముగ నుండునవి ఇవియే. ఇంతమాత్రమున మన పూర్వులకు విద్యుత్తెరల రహస్యము తెలిసియుండెనని చాటుకొనుట ఆత్మవంచన. భస్మము మన కల్వమున నుండెను. దానిని గాజుపై పొరగ నిలిపిన విద్య అన్యదేశముల ప్రయోగశాలలలో పుట్టినది. ఈ భేదమును గుర్తింపనివాడు ప్రాచీనకీర్తిని తలచుకొని తృప్తిపడును. గుర్తించినవాడు నేడు చేయవలసిన పనికి పూనుకొనును.

పొర పుట్టిన చరిత్ర

1907 వ సంవత్సరమున జర్మనీ దేశస్థుడు కార్ల్ బేడెకర్ గాజుమీద కాడ్మియమును పలుచని పొరగ నిలిపి, దానిని ఆక్సైడుగ మార్చి, అది వెలుతురును పోనిచ్చుచునే విద్యుత్తును మోయుట కనిపెట్టెను. కాడ్మియము విషలోహము. ఆ యద్భుతము చిరకాలము పండితుల వినోదముగనే యుండిపోయినది. రెండవ ప్రపంచయుద్ధమున అవసరము మీదపడినది. ఎత్తున నెగురు విమానముల ముందుటద్దములపై మంచుగట్టి చోదకునకు త్రోవ కానరాకుండెను. అద్దముపై తగరపు ఆక్సైడు పొర నిలిపి, దానిగుండ విద్యుత్తును పంపి, అద్దమును వెచ్చజేసి మంచును కరగించిరి. 1965 లో ఇంగ్లాండునందలి మాల్వర్న్ రాడారు పరిశోధనాలయమున ఇ. ఏ. జాన్సన్ వ్రేలిస్పర్శను గ్రహించు తెరను గూర్చి ప్రకటించెను. 1968 లో అమెరికాలో ద్రవస్ఫటికముల తెర ప్రదర్శింపబడినది. ఆ తెరలో వెలుతురు వచ్చు దారియందే విద్యుత్తును గూడ నడపవలెను గనుక ఈ పారదర్శకమైన పొర అనివార్యమైనది. 2007 నుండి స్పర్శతెరల ఫోనులు లోకమంతట వ్యాపించి, యుద్ధవిమానపు టద్దముమీది పొరను సామాన్యుని యరచేతిలోనికి దెచ్చినవి.

పొరను నిలుపు పద్ధతియు తెలిసికొనదగినది. గాలి తీసివేసిన గదిలో ఇండియమ్ తగరపు ఆక్సైడు పలకను ఒకవైపున, గాజును ఎదురుగ నుంచుదురు. ఆర్గాన్ వాయువును విద్యుత్తుచే ఆవేశపరచి ఆ పలకపై విసరినచో, దాని పరమాణువులు చెదరి గాజుపై వ్రాలి పొరగట్టును. దాని దళసరి వంద నానోమీటర్ల పైచిలుకు. అనగా మన తలవెండ్రుకలో కొన్ని వందలవంతు. చదరపు మీటరు గాజుపై వంద నానోమీటర్ల పొర నిలుపుటకు ముక్కాలు గ్రాము పదార్థమైనను పట్టదు. అందులో ఇండియము అరగ్రాము మాత్రమే. ఈ సంఖ్యను పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. మా వాదమంతయు దీనిపై నాధారపడి యున్నది.

పేరు మనది, సరుకు పరులది

ఇండియమను పేరు వినగనే హిందూదేశము స్ఫురించును. అది సకారణమే. 1863 లో జర్మనీలోని గనుల పట్టణమైన ఫ్రైబర్గున ఫెర్డినాండ్ రైఖ్, థియోడోర్ రిఖ్టర్ అనువారు జింకు ఖనిజమును పరీక్షించుచుండిరి. రైఖ్ వర్ణాంధుడగుటచే వర్ణపటమును చూచుపని రిఖ్టరునకు వచ్చెను. అంతకుముందెవ్వరు నెఱుగని నీలిరేఖ యొకటి ఆయన కంటబడినది. అది నీలిమందు రంగున నుండుటచే ఆ లోహమునకు ఇండియమని పేరిడిరి. యూరపు భాషలలో నీలిమందు పేరు హిందూదేశపు సరుకను నర్థమునుండి పుట్టినది. ఇట్లు మన దేశనామము ఆ లోహమునకు స్థిరముగ నిలిచినది. ఆ లోహముతో చేయు సరుకులో మాత్రము మనకు పాలు లేదు.

ఆ నీలిమందు కథ తెలుగువారు మఱువదగినది కాదు. కడప, కర్నూలు, నెల్లూరు మండలములలో నీలి విస్తారముగ పండెను. బీహారున తోటదొరల నిర్బంధము చంపారను రైతుల నెట్లు పీడించెనో, 1917 లో గాంధీమహాత్ముడు దాని నెట్లు లోకమునకు చాటెనో అందఱు నెఱుగుదురు. అంతగా తలపునకు రాని రెండవ దెబ్బ వేరొకటి కలదు. 1897 లో జర్మనీ రసాయన సంస్థ యొకటి కృత్రిమ నీలిని విపణిలోనికి దెచ్చెను. మన పొలములలో దోషము లేదు, మన రైతు శ్రమలో లోటు లేదు. అయినను ఎక్కడనో ప్రయోగశాలలో వెలసిన విద్య మన పంటను కొలది యేండ్లలో కూలద్రోసెను. భూమిని మాత్రమే నమ్ముకొని ప్రయోగశాలను విస్మరించినవాడు తన భూమిపంటను సైతము నిలుపుకొనజాలడని ఆ కథ మనకు నేర్పవలసియుండెను.

రెండవ పాఠము నెల్లూరు మండలమున గూడూరు ప్రాంతపు అబ్రకము. అదియు పారదర్శకమే; కాని విద్యుత్తును ఆపునది. విద్యుద్యంత్రములకును రేడియో గొట్టములకును అట్టి పదార్థము కావలసియుండగా, మన కూలీలు గనులలో త్రవ్వి, మన స్త్రీలు రేకులుగ చీల్చి, ఓడల కెక్కించి పంపిరి. ఆ రేకులు పరదేశమున యంత్రములలో నొదిగి పదింతల వెలకు మరల మనయింటికి వచ్చినవి. ఆనాడు విద్యుత్తును ఆపు పారదర్శక పదార్థమును ముడిసరుకుగ ఎగుమతి చేసితిమి. నేడు విద్యుత్తును మోయు పారదర్శక పదార్థమును సిద్ధవస్తువుగ దిగుమతి చేసికొనుచున్నాము. దిక్కు మారినది, స్థితి మారలేదు.

లోకపు పట్టు ఎవరి చేతిలో

ఇండియమునకు ప్రత్యేకముగ గనులు లేవనవచ్చును. భూమిలో అది వెండితో సమానమైనంత అరుదు. జింకు ఖనిజమున లేశమాత్రముగ కలిసియుండి, జింకు తీయగా మిగిలిన మడ్డినుండి రాబట్టబడును. ప్రపంచమున ఏటేట గనులనుండి కోటి టన్నులకు మించి జింకు లభించుచుండగా, క్రొత్తగ తీయబడు ఇండియము సుమారు వేయి టన్నులు. అందు మూడింట రెండువంతులు చైనాలో తయారగుచున్నది. దక్షిణ కొరియా, జపాను, కెనడా తరువాతి స్థానములలో నున్నవి. ఆ పట్టికలో మన పేరు లేదు.

జింకు కొరకు తీయుచుండగా వచ్చు వస్తువగుటచే, తెరలకు గిరాకి పెరిగినంతమాత్రమున ఇండియము రాబడి పెరుగదు. ఈ శతాబ్దారంభమున కిలో వంద డాలర్ల దరిదాపున నున్న దాని వెల 2005 నాటికి వేయి డాలర్ల దాక నెగబ్రాకెను. జపానులోని హొక్కైడో ద్వీపమున టొయోహా గని ఒకప్పుడు ఇండియమునకు ప్రపంచప్రసిద్ధమైనది. 2006 లో అది మూతపడినది. అయినను జపాను చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. పొర నిలుపు యంత్రములలో పలకయందలి పదార్థము చాలవఱకు గాజును జేరక పలకలోను గది గోడలమీదను మిగిలిపోవును. ఆ మిగులును తిరిగి శుద్ధిచేసి వాడుకొనుట జపాను, కొరియాలు ఒక గొప్ప పరిశ్రమగ పెంచినవి. గని మూతపడినను విద్య మూతపడలేదు.

2025 ఫిబ్రవరిలో చైనా ప్రభుత్వము కొన్ని ఇండియమ్ సమ్మేళనములను అనుమతి లేనిదే ఎగుమతి చేయరాని వస్తువుల జాబితాలో చేర్చెను. అంతకుముందు 2023 లో గాలియము, జెర్మేనియములకు అట్టి నిబంధననే విధించియుండెను. ఈ విషయమున చైనాను నిందించుట మా యభిమతము గాదు. ప్రతి రాజ్యమును తన చేతిలోని సాధనమును తన ప్రయోజనమునకు వాడుకొనును. తన చేత సాధన మేదియు లేని రాజ్యము ఇతరుల సద్భావమును నమ్ముకొని బ్రతుకవలసివచ్చును. అట్టి బ్రతుకెట్టిదో రెండువందల యేండ్లు చవిచూచిన జాతికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

మనకు కలిమి లేదా?

లేకేమి! రాజస్థానమందలి జావర్ గనులకడ మధ్యయుగముననే మట్టిమూసలలో జింకును ఆవిరిగ మార్చి, క్రిందికి దింపి, చల్లార్చి పట్టు విద్య గొప్పయెత్తున సాగినది. ఇంగ్లాండున ఆ విద్యకు 1738 లో గాని అధికారపత్రము పుట్టలేదు. అదే రాజస్థానమున రాంపురా అగూచా నేడును ప్రపంచమునందలి పెద్ద జింకు గనులలో నొకటి. మన విశాఖపట్టణమునను 1977 లో జింకు కర్మాగారము వెలసి, పెక్కేండ్లు పనిచేసి, మూతపడినది. ఇండియము పుట్టునది జింకు మడ్డిలో; ఆ మడ్డి మనకడ గుట్టలుగ నున్నది. అందు ఇండియ మెంతయున్నదో, రాబట్టుట లాభమో నష్టమో కొలిచి ప్రజలకు చెప్పుట కష్టమైన పని గాదు.

కేంద్రప్రభుత్వము 2023 లో ప్రకటించిన 30 కీలక ఖనిజములలో ఇండియము, తగరము రెండును చేరియున్నవి. 2025 జనవరిలో కీలక ఖనిజముల జాతీయోద్యమమునకు 16,300 కోట్ల రూపాయల వ్యయ మంగీకరింపబడినది. అదే సంవత్సరము సెప్టెంబరున, వాడిన వస్తువులనుండి ఇట్టి ఖనిజములను తిరిగి రాబట్టువారికి ప్రోత్సాహమిచ్చుటకు 1,500 కోట్ల పథకము మంత్రివర్గమున ఆమోదింపబడినది. ఇవి స్వాగతింపదగినవి. ప్రభుత్వమున కీ విషయమున చూపు లేదని మేమనము. కాని ఆ చూపు గనివఱకే పోయి నిలిచిపోవుచున్నదని మా భయము.

ఇందాక పాఠకులను గుర్తుంచుకొనుమన్న సంఖ్య ఇచ్చట పనికివచ్చును. చదరపు మీటరు గాజునకు అరగ్రాము ఇండియము. దాని వెల కొలది రూపాయలు. పెద్ద టెలివిజను తెరలోని ఇండియమును విడిగ తూచి కొన్నచో ఒకపూట కాఫీ ఖర్చునకు మించదు. మనము పరదేశమునకు చెల్లించు ధనము ఆ యరగ్రామునకు గాదు. దానిని వంద నానోమీటర్ల దళసరిలో, చిల్లి లేకుండ, చారలేకుండ, గజములకొలది గాజుపై ఒకే తీరున నిలుపు నేర్పునకు. కనుక ఇది ప్రధానముగ గని సమస్య కాదు, విద్య సమస్య. ఇండియము మన నేలలో గుట్టలుగ దొరికినను, ఈ నేర్పు లేనిచో గూడూరు అబ్రకమువలె దానిని ఓడ కెక్కించుట తప్ప మఱేమియు చేయజాలము. నేర్పున్నచో ఇండియము లేకున్నను వేఱుదారి దొరకును.

వేఱుదారులు

ఆ దారులు ఊహామాత్రములు గావు. తగరపు ఆక్సైడులో కొంచెము ఫ్లోరిను చేర్చినచో అదియు చక్కగ విద్యుత్తును మోయును. ప్రపంచమున తగరము ఏటేట 3 లక్షల టన్నుల దరిదాపున లభించుచున్నది. ఇండియముతో పోల్చిన అది సమృద్ధము. గాజు కర్మాగారమున గాజు ఇంకను వేడిగ నుండగనే దానిపై ఈ పొరను నిలుపవచ్చును. చెన్నపట్టణ సమీపమున 2024 లో ప్రారంభమైన కాడ్మియమ్ టెల్యురైడు సౌరఫలకముల కర్మాగారమునకు కావలసినది ఈ జాతి గాజే. చిన్న ప్రయోగశాలలో సైతము తగరపు లవణద్రావణమును 400 మొదలు 500 డిగ్రీల వేడిగల గాజుపై తుంపరగ చల్లి ఈ పొరను పొందవచ్చును. జింకు ఆక్సైడులో అల్యూమినియము చేర్చుట మఱియొక దారి. ఇండియము పొర గాజుపై చక్కగ నిలుచును గాని వంచినచో పగులును. అందుచే వంగు తెరలకు సన్నని వెండితీగెల వలలు, 2004 లో మాంచెస్టరున వేఱుపరచిన గ్రాఫీను మొదలగువానిపై లోకమంతట పరిశోధనలు సాగుచున్నవి.

మన దేశమునను పనిచేయువా రున్నారు. బెంగుళూరున జి. యు. కులకర్ణి గారును వారి సహచరులును కనిపెట్టిన పద్ధతి మన రైతునకు సులభముగ బోధపడును. వేసవిలో చెరువు ఎండినప్పుడు అడుగుమన్ను నెఱ్ఱెలు విచ్చి వలవలె కనబడుటను చూడనివా రెవరు? గాజుపై నొక ద్రావణమును పూసి యారనిచ్చిన అట్టి నెఱ్ఱెలే సూక్ష్మముగ ఏర్పడును. ఆ నెఱ్ఱెలలో లోహమును నింపి, పైపూతను కడిగివేసినచో, కంటి కగపడని లోహపు వల గాజుపై నిలుచును. వల సందులనుండి వెలుతురు పోవును. వల పోగులనుండి విద్యుత్తు పోవును. ఇండియముతో పనియే లేదు. హైదరాబాదునందలి సి-మెట్ అను ఎలక్ట్రానిక్ పదార్థముల పరిశోధనాకేంద్రము వాడి పారవేసిన పరికరములనుండి లోహములను రాబట్టు విధానములపై పనిచేయుచున్నది. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రశాఖలో పలుచని పొరలపై పరిశోధన దశాబ్దములుగ సాగుచున్నది.

ఈ తిరుపతి పేరు కడ కొంచె మాగవలెను. ఆ మండలముననే శ్రీసిటీలో 2015 నుండి చేతిఫోనులు కూర్చబడినవి. తిరుపతి పరిసరములలో టెలివిజనులును, తెరల భాగములును కూర్చు కర్మాగారములు వెలసినవి. అచ్చట వేలకొలది తెలుగు యువతీయువకులు, ముఖ్యముగ పల్లెపడుచులు, పనిచేయుచున్నారు. వారి కూలి నిజమైన కూలి. దానిని చులకన చేయుట మాకు తగదు. కాని అచ్చటికి వచ్చు తెర ఫలకము పొరతోడనే పరదేశమునుండి వచ్చుచున్నది. పొరలను పరిశోధించు విద్యాలయమును, పొరగల తెరలను కూర్చు కర్మాగారమును ఒక్క మండలముననే యున్నవి. ఒకచోట పుట్టిన విద్య పరదేశపు శాస్త్రపత్రికలో వ్యాసమై ముగియుచున్నది. రెండవచోట పరదేశపు విద్య పెట్టెలలో వచ్చి దిగుచున్నది. నడుమ నున్న మైళ్ల దూరము అల్పము. మనస్సుల దూరము అనల్పము.

జపానులో ఇట్లు జరుగలేదు. హిడియో హొసోనో అను ఆచార్యుడు 2004 లో ఇండియము, గాలియము, జింకుల ఆక్సైడుతో పారదర్శకమైన ట్రాన్సిస్టరును వంగు పలుచని పలకపై నిర్మించి చూపెను. అదియు మొదట విశ్వవిద్యాలయపు పరిశోధనయే. కొలది యేండ్లకే కొరియా, జపాను సంస్థలు హక్కుల రుసుము చెల్లించి ఆ విద్యను గైకొని తెరల తయారీలో నెలకొల్పినవి. అచ్చటి ఆచార్యుడు మన ఆచార్యునికంటె మేధావియని మేము నమ్మము. అచ్చట ప్రయోగశాల తలుపును కర్మాగారపు తలుపును ఒక వీధిలోనికి తెఱచుకొనును. మనకడ వేర్వేఱు లోకములలోనికి తెఱచుకొనును.

రెండు ఆక్షేపణలు

చౌకగ దొరకు సరుకును కొనుక్కొనక కష్టపడి చేసికొననేల యని కొందఱడుగుదురు. 1905 నాటి స్వదేశోద్యమ కాలముననే ఈ ప్రశ్న పుట్టినది. నాటి సమాధానమే నేటికిని చెల్లును. ఇచ్చువాడు ఇచ్చినంతకాలమే చౌక. ఆపిననాడు దాని వెల ఎంతయో 2005 నాటి ఇండియపు ధరయు, 2025 నాటి అనుమతిపత్రములును చెప్పుచున్నవి. మఱియు ఫోను కూర్పున మనకు మిగులునది కూలి. పొర నిలుపుటలో మిగులునది విద్య. కూలి మఱింత చౌకయైన దేశము కనబడిననాడు కర్మాగారము లేచిపోవును. విద్య లేచిపోదు.

రెండవ పక్షమువారు అన్నియు మనమే చేసికొనవలెను, పరుల సరుకు ముట్టరాదని వాదింతురు. ఇదియు సరికాదు. పెద్ద తెరల కర్మాగారమునకు వేలకోట్ల రూపాయలు కావలెను. 2021 డిసెంబరున కేంద్రము ప్రకటించిన 76,000 కోట్ల పథకమున తెరల కర్మాగారములకును స్థానముండినను, ఆ పని సులభముగ సాగునది కాదని అనుభవము తెలుపుచున్నది. ఒక్క గంతున శిఖరమెక్క జూచుటకంటె మెట్టుమెట్టుగ నెక్కుట మేలు. తెర యంతయు రేపే చేయజాలకపోవచ్చును. పొరగల గాజును చేయుట మన శక్తికి మించినది గాదు. అది మొదటి మెట్టు.

చేయవలసిన పనులు

మొదటిది: జింకు కర్మాగారముల మడ్డిలో ఇండియమెంతయున్నదో లెక్కగట్టి ప్రకటించుట తప్పనిసరి చేయవలెను. జాబితాలో పేరు వ్రాసినంతమాత్రమున లోహము చేతికి రాదు.

రెండవది: ప్రభుత్వధనమును ఫోనుల సంఖ్యను బట్టి గాక, ఇచ్చట నేర్చిన విద్యను బట్టి పంచవలెను. కూర్పునకు సాయము పొందు సంస్థ కొన్నియేండ్లలో పొరగల గాజునైనను ఇచ్చట చేయవలెననియు, లేక మన విద్యాలయములతో గలిసి ఆ పనికి పూనుకొనవలెననియు నియమముండవలెను. కర్నూలు మండలమున గని, శకునాల గ్రామములకడ 2017 నుండి వేయి మెగావాట్ల సౌరక్షేత్ర మున్నది. ఒకప్పుడు నీలి పండిన మండలమది. నేటి సామాన్య సిలికను ఫలకమునకు ఈ పొర అక్కఱలేదు. రానున్న మేలుజాతి ఫలకములకు ఇరుప్రక్కల కావలెను. మన భూములను ఫలకములకు గౌలునకిచ్చు భూస్వాములు ఈ సంగతి నెఱిగియుండుట మేలు.

మూడవది: పాత తెరలను పారవేయుట మాన్పవలెను. మన వ్యర్థముల నిబంధనలు ఆరంభమున బంగారము, రాగి, ఇనుము, అల్యూమినియములను లెక్కలోనికి దీసికొన్నవి, ఇండియమును తీసికొనలేదు. ఒక్కొక్క తెరలో నున్నది లేశమే యైనను, కోట్ల తెరలు చేరినచో అదియే మన గని.

నాల్గవది: కార్మికుని యూపిరి. ఈ శతాబ్దారంభమున జపానులో ఇండియమ్ తగరపు ఆక్సైడు ధూళిని పీల్చిన కార్మికులకు ప్రాణాంతకమైన యూపిరితిత్తుల వ్యాధి కనబడినది. పొర చల్లని దైనను, దాని పలకను నూరు ధూళి చల్లనిది గాదు. పరిశ్రమ వచ్చినపిదప శవములను లెక్కించి చట్టము చేయుటకంటె, చట్టము చేసి పరిశ్రమను పిలుచుట నాగరికత.

ఐదవది: ఈ శాస్త్రము తెలుగున చెప్పబడవలెను. తెరలను కూర్చు పడుచునకు తాను చేతబట్టిన గాజుపై నేమున్నదో తన భాషలో తెలియనంతకాలము ఆమె కూలీగనే యుండును. తెలిసిననాడు ఆమె యడుగు ప్రశ్న ఆచార్యుని ప్రశ్నకు తోబుట్టువగును.

మన స్వాతంత్ర్యోద్యమము రాట్నముచుట్టు తిరిగినది. నూలు చౌకయని గాని, ఖద్దరు మెత్తననియు గాని జనులు దానిని చేబట్టలేదు. ఒడలిమీది వస్త్రమును పరుని దయకు విడిచిన జాతి తలయెత్తి నిలువజాలదని తెలిసి చేబట్టిరి. నేటి వస్త్రము ఈ పొర. మన మాటలు, మన లెక్కలు, మన సొమ్ము, మన పిల్లల చదువు దానిగుండ నడచుచున్నవి. అది మిక్కిలి పలుచనిదగుటచే మన కంట బడుట లేదు. కంట బడనంతమాత్రమున అది పరులదను సంగతి మాసిపోదు. భూస్వాములు తమ ధనములో కొంతను, పట్టణవాసులు తమ యుత్సాహములో కొంతను, విద్యాలయములు తమ తలుపులలో నొకదానిని ఈ పనికై తెఱతురుగాక యని ఆశించుచున్నాము.